ఎర్ర పీలికలు కట్టిన పువ్వులు

ప్రొఫెసర్లను పిలిచి తెచ్చే ఉద్యోగం నాది. దోహాలో ఒక విశ్వవిద్యాలయంలో పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. అజీజియాలో మా ఫ్లాట్ల వాళ్ళకి మాత్రం "హెచ్‌ఆర్‌లో ఏదో" అని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెబితే మర్నాటికల్లా వాళ్ళ బావమరిది బయోడేటా నా ఫోనుకి వచ్చేస్తుంది. పట్టుకుంటే వదలదని ఆఫీసులో నాకు పేరు. ఇంట్లో మా ఆయన కూడా అదే మాట అంటాడు గానీ, ఆయన పొగడ్తగా అనడు.

అలాంటి నన్ను ముప్పుతిప్పలు పెట్టిన పోస్టు ఒకటుంది. పొద్దుతిరుగుడు వంగడాల మీద, వాటి జన్యువుల మీద పనిచేసే సీనియర్ పరిశోధకుల పోస్టు. ఇక్కడ భూమిలోంచి తోడితే వచ్చేవి ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళతో కూడా గింజ పట్టే పొద్దుతిరుగుడు తయారుచేయాలని ఒక పెద్దాయన పని మొదలుపెట్టి, కొన్నాళ్ళకి రిటైరై వెళ్ళిపోయాడు. ఏడాదిన్నరగా ఆ కుర్చీ ఖాళీ. వచ్చి చూసిన ఒకాయనకి ఎండ నచ్చలేదు. ఇంకొకాయనకి అన్నీ నచ్చాయి, ఆయన భార్యకి ఒక్కటీ నచ్చలేదు. ఈసారి కూడా ఎవరూ కుదరకపోతే సెమిస్టరు ఆఖర్న ఈ పథకం మూసేస్తామని మా డీన్ చెప్పేశాడు.

మూసేస్తే నాకు పోయేదేమీ లేదు. పోయేది ఒక్క మనిషికి. ఊరి బయట మా ఫారంలో ఆ మొక్కల్ని చూసుకునే అతనిది కదిరి దగ్గర పల్లె. యాభై దాటినవాడు. ఒక ఇంట్లో డ్రైవరుగా వచ్చి, తర్వాత లేబర్ కాంట్రాక్టు కంపెనీలో చేరి, వాళ్ళ తరఫున మా ఫారానికి వచ్చాడు. ఉండేది బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో. ఇండియాలో ఉన్నన్నాళ్ళూ విత్తన కంపెనీల పొలాల్లో పొద్దుతిరుగుడు పనే చేశాడట. పెద్దాయన వెళ్ళిపోయాక ఆ మొక్కల్ని ఏ రకానికారకం కలిసిపోకుండా కాపాడుకొచ్చింది అతనే. పథకం మూసేస్తే కాంట్రాక్టు కంపెనీ అతన్ని వారంలో విమానం ఎక్కిస్తుంది. కొడుకు ఐటీఐలో ఉన్నాడు. "ఇంకా రెండేండ్లు ఈడుంటే సాలు మేడం, వాడు చేతికొస్తాడు" అని ఒకసారి నాతో అన్నాడు.

ఇక ఆ పోస్టుకి నేను గురిపెట్టిన ఆవిడ సంగతి. పుట్టింది కరీంనగర్ వైపు పల్లెలో. పాతికేళ్ళుగా ఆస్ట్రేలియాలో పొద్దుతిరుగుడు మీద పనిచేస్తోంది. ఆ రంగంలో ఎవర్నడిగినా ఆవిడ పేరే చెప్పారు. నేను ఒకటిన్నర పేజీల మెయిల్ రాస్తే ఒకటిన్నర వాక్యంలో జవాబిచ్చేది. విల్లా ఫోటోలు పంపాను, సముద్రం ఫోటోలు పంపాను, జీతం ఎంత వరకు పెంచగలమో పంపాను. వేటికీ స్పందన లేదు. ఏడు నెలల తర్వాత, ఫారంలో రాసుకునే నోటుపుస్తకం చూపించమని అడిగింది. అందులో సగం కదిరి మనిషి తెలుగులో గీకిన రాతే. సిగ్గుపడుతూనే పేజీలు ఫోటో తీసి పంపాను. మర్నాడే జవాబు: "వచ్చి రెండు రోజులు ఉండి చూస్తాను." నా మెయిళ్ళ మహిమే అనుకుని ఆఫీసులో అందరికీ కునాఫా మిఠాయి తినిపించాను.

ఆవిడ వచ్చేది బుధవారం. మంగళవారం పొద్దున నేను ఫారానికి వెళ్ళాను, అంతా చక్కగా ఉందో లేదో చూద్దామని.  పువ్వు ఒక్కటి కనిపిస్తే ఒట్టు. ప్రతి మొక్క తలకీ తెల్ల గుడ్డ సంచి తొడిగి, మెడ దగ్గర ముడి వేసి ఉంది. పొలమంతా తలదిండ్లు ఆరేసినట్టుంది. ఏడు నెలలు బతిమాలి పిలిపించిన మనిషికి నేను చూపించేది ఇదా అనుకున్నాను. కదిరి అతను ఐడీ కార్డు రెన్యువల్‌కి ఊళ్ళోకి వెళ్ళాడు. అక్కడున్న ఇద్దరు నేపాలీ పనివాళ్ళు నా వంక చూస్తున్నారు. "యల్లా, యే సబ్ నికాలో" అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నా మెడలో ఐడీ కార్డు చూసి, దారి పక్కన మూడు సాళ్ళకీ సంచులు ఊడదీశారు.

అబ్బ, ఎంత బాగుందో. పచ్చగా, పళ్ళేలంత పువ్వులు, అన్నీ ఒకే వైపు తిరిగి. ఫోటోలు తీసి డీన్‌కి పంపాను. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. నేను కుర్చీలు, గొడుగులు, నీళ్ళ సీసాలు ఎక్కడ పెట్టాలో పురమాయిస్తూ అక్కడే తిరుగుతున్నాను.

మధ్యాహ్నం అతను తిరిగొచ్చాడు. దారి మీదే ఆగిపోయాడు.

"ఎవురు ఇప్పినారు మేడం?"

"నేనే విప్పించాను. చూడు, ఎంత కళగా ఉందో."

అతను అరవలేదు. దగ్గరికెళ్ళి ఒక పువ్వు మీద వాలిన తేనెటీగని చేత్తో తోలాడు. పక్క పువ్వు మీద ఇంకో రెండున్నాయి. అవతలి ఫారంవాళ్ళు చలికాలంలో తేనె పెట్టెలు పెడతారు. అతను గట్టు మీద కూలబడి, చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు చెప్పాడు. ఈ పువ్వు పుప్పొడి ఈ పువ్వుకే చేరాలి, అప్పుడే ఆ రకం ఆ రకంగా నిలుస్తుంది. అందుకే సంచులు. సంచి లేని ఒక్క పూట చాలు, ఈగ కాళ్ళకి అంటుకుని పక్క రకం పుప్పొడి వచ్చేస్తుంది. ఇక ఆ గింజ ఏ రకమో ఎవరూ చెప్పలేరు.

 నా బుర్ర అప్పుడు కూడా చురుగ్గానే పనిచేసింది, దాని అలవాటే అంత. "మళ్ళీ తొడిగేయండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"పైకి తెలీదు మేడం" అని ఒప్పుకున్నాడు. లేచి షెడ్డులోకి వెళ్ళి ఒక పాత ఎర్ర గుడ్డ తెచ్చాడు. దాన్ని పీలికలుగా చించి, విప్పిన ప్రతి పువ్వు మెడకీ ఒకటి కట్టడం మొదలుపెట్టాడు, ఈ గింజ పనికిరాదని గుర్తుగా. మూడు సాళ్ళ పొడుగునా, ఆవిడ దిగగానే కళ్ళలో పడేలా.

నాకు మండిపోయింది. "నీకేమైనా మతిపోయిందా? అవి చూసి ఆవిడ వెనక్కి పోతే పోయేది నీ ఉద్యోగం. నీ కోసమే కదా నేనిన్ని తంటాలు పడేది?" అన్నాను. నిజానికి అంతవరకూ అతని కోసం నేను ప్రత్యేకంగా పడిన తంటా ఏమీ లేదు. కోపంలో నోటికొచ్చింది.

"నా ఉద్యోగం ఇదే గదా మేడం" అన్నాడు, కట్టడం ఆపకుండానే.

ఆ సాయంత్రమంతా ఇంట్లో మా ఆయన నాతో మాట్లాడటానికి భయపడ్డాడు.

బుధవారం ఆవిడ దిగింది. చిన్న మనిషి, నలిగిన కాటన్ చీర, కాన్వాస్ బూట్లు, పెద్ద టోపీ. మా డీన్ గంటసేపు స్క్రీన్ మీద బొమ్మలు చూపించాడు. ఆవిడ మర్యాదగా విని, "పొలం చూద్దామా?" అని లేచింది. కార్లో నాతో కబుర్లలో పడింది. "మా ఊళ్ళె చెప్తే అందరు దుబాయ్ పోతున్నవా అంటున్నరమ్మా. ఖతర్ అంటే ఇనరు. మా పెదనాయన కొడుకైతే ఏ కంపెనీ, క్యాంపు ఏడ, అన్నం మంచిగ పెడ్తరా అని అడిగిండు." నవ్వాను గానీ నా ప్రాణం ఆ ఎర్ర పీలికల మీదే ఉంది. కారు ఇంకాస్త నెమ్మదిగా పోనిమ్మని డ్రైవరుకి చెబుదామా అనిపించింది.

దిగీ దిగగానే ఆవిడ చూసింది. దగ్గరికెళ్ళి ఒక పీలికని వేళ్ళతో పట్టుకుంది.

"ఇవి ఎందుకు కట్టిండ్రు?"

కదిరి అతను ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ఈ పూలకు నిన్న సంచులు ఊడిపోయినాయి మేడం. తేనీగలు వాలినాయి. ఈ ఇత్తనం నమ్మేకి లేదు. కడమ సాళ్ళు బాగుండాయి."

"అన్ని సంచులు వాటంతట అవే ఊడినయా? ఎవరిప్పిండ్రు?"

నేను అక్కడే, అతనికి నాలుగడుగుల దూరంలో, డీన్ పక్కన నిలబడి ఉన్నాను.  అతను నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"తెలీనోళ్ళు ఇప్పినారు మేడం. తెలిసినోణ్ణి నేను, ఆ పొద్దు ఈడ లేకపోతి. నాదే తప్పు."

ఒక్క మాట. "నేనే" అనే ఒక్క మాట చాలు. పదకొండేళ్ళుగా గలగలా మాట్లాడి బతుకుతున్న నా నోటికి ఆ మాట రాలేదు.

ఆవిడ వదల్లేదు. "మల్ల కట్టేస్తే నాకు ఎర్కయ్యేదా?"

"తెలీదు మేడం. కానీ ఆ ఇత్తనం మీ చేతికొస్తుంది. దాన్ని నమ్మి మీరు నాలుగేండ్లు కష్టపడతారు. కడాకు కల్తీ అని తేల్తుంది. ఆ నాలుగేండ్లు మీకు ఎవురు తిరిగిస్తారు?"

ఆవిడ నోటుపుస్తకం అడిగి తీసుకుని, ఒక ప్లాస్టిక్ పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని చదవసాగింది. మొదటి పేజీ నుంచి. మధ్యలో ఏదో అడిగేది, అతను చెప్పేవాడు. హోటల్లో పెద్దలతో భోజనం ఏర్పాటు ఉందని డీన్ రెండుసార్లు వాచీ చూపించాడు. "మీరు వెళ్ళండి, నాకు ఆకలి లేదు" అంది. అంత సీనియర్ మనిషి, ఒక క్యాంపు మనిషి చేతిరాతని అంత శ్రద్ధగా చదువుతుంటే నాకు ముచ్చటేసింది, ఎన్నడూ లేంది కాస్త సిగ్గు కూడా వేసింది.

గురువారం ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. దారిలో ఆవిడే మొదలుపెట్టింది.

"నేను ఈ ఉద్యోగం వద్దని మెయిల్ రాసి పెట్టుకున్ననమ్మా. ఆ నోట్‌బుక్ చూసినంక ఆగిన. ఫలానా మొక్క మీద నాకు అనుమానం ఉంది అని రాసేటోడు నాకు ఏ దేశంల దొరకలే." తర్వాత తన పాత సంగతి ఒకటి చెప్పింది. "ఎన్కట నా దగ్గర పనిచేసేటాయన ఇట్లనే సంచులు ఊడితే, నాకు భయపడి చెప్పకుంట కట్టేసిండు. నాలుగేండ్ల పని మట్టిల కలిసింది. ఆయన్ని బాగ తిట్టిన. తర్వాత అర్థమైంది, ఆయన్ని అంత భయపెట్టింది నేనే అని."

ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషి పక్కన కూర్చుని కూడా నేను నోరు విప్పలేదు. ఆవిడ షరతు ఒక్కటే చెప్పింది. కదిరి అతన్ని కాంట్రాక్టు కంపెనీ నుంచి తీసి, విశ్వవిద్యాలయం టెక్నీషియన్‌గా వేయాలి. అలా అయితేనే సంతకం.

"టెక్నీషియన్‌కి డిగ్రీ ఉండాలి మేడమ్. అతను పదో తరగతే. రూల్స్ ఒప్పుకోవు" అన్నాను.

"రూల్స్ నీ పని గదమ్మా. నా పని పొద్దుతిరుగుడు" అంది నవ్వుతూ, దిగిపోతూ.

రూల్సులో ఒక సందు ఉంది, నాకు తెలుసు. చదువు లేకపోయినా ప్రత్యేక నైపుణ్యం ఉంటే మినహాయింపు ఇవ్వొచ్చు, కారణం రాసి పంపితే. నేను నా పద్ధతిలో అద్భుతంగా రాశాను. అపార అనుభవం, అంకితభావం, అదీ ఇదీ. రెండు రోజుల్లో తిరిగొచ్చింది. "అందరికీ ఇదే రాస్తారు. ఉదాహరణ ఏది?" అని మా మేనేజరు ఎర్ర సిరాతో అడిగాడు. ఇంకోసారి రాశాను, మరింత అందంగా. మళ్ళీ తిరిగొచ్చింది. నియామకాల కాగితాలు పంపడానికి గడువు ఇంకొక్క రోజే ఉంది.

ఉదాహరణ నా దగ్గర లేక కాదు. ఉన్న ఉదాహరణ ఒక్కటే, అది రాస్తే దాంట్లో నేను కూడా ఉంటాను. ఆ మినహాయింపు కాగితం ముందు మధ్యాహ్నమంతా కూర్చున్నాను. రెండు కప్పుల కరక్ చాయ్ చల్లారిపోయింది. చివరికి పొగడ్తలన్నీ కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాను. సంచులు విప్పించింది నేను. దాచమని చెప్పింది నేను. తన ఉద్యోగం పోతుందని తెలిసీ దాచనిది అతను. ఎవరు విప్పారని అడిగినప్పుడు నన్ను బయటపెట్టనిది కూడా అతనే. ఇంత చిన్న కారణం నా సర్వీసులో ఎప్పుడూ రాయలేదు.

నాలుగో రోజు రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి అతని నియామకం. రెండోది నాకు వార్నింగ్ లెటర్, ఫైల్లో చేరుతుందని, ఈ ఏటి ప్రమోషన్‌కి నా పేరు పరిశీలించరని. ఆవిడ అదే సాయంత్రం సంతకం చేసి పంపింది.

మర్నాడు నియామకం కాగితం తీసుకుని ఫారానికి వెళ్ళాను. ఇంగ్లీషు కదా, నన్నే చదివి చెప్పమన్నాడు. చదివాను. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత, పదో తరగతి వాణ్ణి ఏం చూసి తీసుకున్నారని అడిగాడు. మినహాయింపు కాగితంలో ఏం రాశానో చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా.

అతని మొహంలో సంతోషమంతా పోయింది.

"అట్ల రాసినారా మేడం? మీ ఉద్యోగానికి ఏమీ కాదు గదా?"

నాకు ఏడుపొచ్చింది. "ఏమీ కాదులే అన్నా" అని అబద్ధం చెప్పాను.