అందరి మాత్రలూ మింగిన పెద్దమ్మ

గత ఆదివారం పొద్దున మా పెద్దమ్మ చనిపోయింది. కారణం ఒంట్లో ఆస్పిరిన్ ఎక్కువ కావడం. ఆమె ఏ అఘాయిత్యమూ చేసుకోలేదు. డాక్టర్లు రాసినవి, పిల్లలు కొన్నవి వేళకు వేసుకుంది. అంతే.

పాలకీడులో పొలం కౌలుకిచ్చాక ఆమె మూడిళ్ల మనిషైంది. కొన్నాళ్లు మిర్యాలగూడలో ఆమె పెద్దకొడుకు, మా పెద్దన్న దగ్గర, కొన్నాళ్లు కోదాడలో చిన్నన్న దగ్గర, మిగతా రోజులు సూర్యాపేటలో అక్కాబావల దగ్గర. ఎక్కడా ఏ వంటకూ వంక పెట్టేది కాదు. తన మూలంగా ఏ ఇంట్లోనూ మాట పట్టింపు రాలేదని ఆమెకు గర్వం.

ఎవరింట్లో ఉంటే వాళ్లు తమకు నమ్మకమున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవారు. సూర్యాపేటలో గుండె కోసం, రక్తం గడ్డకట్టకుండా మాత్ర రాశారు. కోదాడలో అదే మందు వేరే పేరుతో రాశారు. మోకాళ్లకని పెద్దన్న షాపు నుంచి తెచ్చే నొప్పి గోలీలోనూ ఉన్నది ఆస్పిరినే. ఇన్నెందుకు పెద్దమ్మా అని ఒకసారి అడిగాను.

"అల్లుడు తెచ్చినయి పక్కకు వెడితే చిన్నబోడా? కొడుకులు ఊకుంటరా? తియ్ బిడ్డా, ఎవలి ప్రేమ వాళ్లది" అని నవ్వింది.

ఎండాకాలం మొదలయ్యాక చెవులు పోతున్నాయనుకున్నారు. వయసు కదా అని అందరూ గొంతు పెంచారు. ఒకరోజు అక్కను ఆపి, "జర మెల్లగ మాట్లాడవే. నాకు ఇనపడుతనే ఉన్నది. లోపల్నే గుయ్యిమని ఒకటే లొల్లి" అంది. అత్త చెవిలో రైస్ మిల్లు పెట్టించుకుందని బావ పరాచికమాడేవాడు. ఆ హోరే మొదటి గుర్తని ఇప్పుడు తెలుసు.

తర్వాత ఆయాసం వచ్చింది. కోదాడలో ఉబ్బసం అన్నారు, మిర్యాలగూడలో నిమ్ము అన్నారు. చెమటలు పట్టి, మాటలు తికమకయ్యాక అక్క సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తులు బాగుండగా శ్వాస ఇంత లోతుగా, ఇంత వేగంగా ఎందుకుందని ఆలోచనలో పడింది. చెవుల్లో హోరుందా అని అడిగింది. "ఈమె మింగేవన్నీ తెప్పించండి. ఏ ఇంట్లోవీ వదలొద్దు" అంది. ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

ముసలి మూత్రపిండాలు మందును పూర్తిగా బయటికి పంపలేవు. అది రోజురోజుకూ పేరుకుంటుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, శ్వాస వేగమవుతుంది. మందు ఎంత పేరుకుందో చెప్పే పరీక్ష అక్కడ లేదు. మాత్రలన్నీ చూశాక డాక్టరమ్మ దానికోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టి, డయాలసిస్‌కు హైదరాబాద్ పంపించింది. అప్పటికే ఆలస్యమైంది.

కోపం తీర్చుకుందామంటే మనిషి దొరకడు. ఇందులో దొంగ డాక్టరు లేడు, కల్తీ మందు లేదు, పట్టించుకోని కొడుకు లేడు. వాళ్లలో ఒక్కరికైనా శ్రద్ధ కొంచెం తక్కువుంటే ఆమె బతికేదేమో. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెవుల్లో హోరు, ఆయాసం, తికమక మొదలైతే వయసని సరిపెట్టుకోకండి. వాళ్ల మాత్రలన్నీ ఒక్క సంచిలో వేసుకుని వెంటనే దవాఖానకు వెళ్లండి.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఇంటికొక విస్తరి చొప్పున, ఆమెకు ఇష్టమైనవి వడ్డించి దూరంగా నిలబడ్డాం. కాకి వాలింది. ఒక్కో విస్తరి దగ్గరికీ గెంతుతూ అన్నింట్లోనూ ముక్కు పెట్టింది.

"సూసిండ్రా, ఎవ్వల్నీ చిన్నబుచ్చలే" అని అక్క కళ్లు తుడుచుకుంది.

నాకు మాత్రం ఆ కాకిని అదిలించాలనిపించింది.