మ్యాగజైన్ తీశాక

మన ప్రాణాలు కాచే ప్రభువుకు స్తోత్రం. ప్రపంచకప్‌కు ముందు దోహాలో, భద్రతా సిబ్బంది శిక్షణ కేంద్రంలో కార్బైన్లు శుభ్రం చేసేవాణ్ణి. అవి పిస్తోలు తూటాలు వాడే పొట్టి తుపాకులు. భాగాలు విడదీసి మార్చుకోవచ్చు. ఒకరోజు నిజామాబాద్ నుంచి వచ్చిన తోటి పనివాడు తూటాలు నింపే మ్యాగజైన్ ఊడదీసి, గొట్టం నా వైపే ఉండగా తుపాకీ విప్పబోయాడు.

“ఆగు తమ్మీ! బోల్ట్ గుంజి చూసినవా?”

“మ్యాగజైన్ తీసిన గదా, ఇంకేముంటది? నీకన్నిటికీ భయమే పాస్టరన్నా!”

“ముందు గొట్టం కిందికి తిప్పు. ఇప్పుడు గుంజు.”

తూటాను గొట్టంలోకి నెట్టే ఆ బోల్ట్‌ను గుంజాడు. తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడింది. మ్యాగజైన్ తీసినా, అప్పటికే గొట్టంలోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది.

నేను తిరిగొచ్చేశాను, వాడింకా అదే పనిలో ఉన్నాడు. తుపాకీ పట్టిన ప్రతిసారీ వాడు బోల్ట్ లాగి చూసేలా నాతో కలిసి ప్రార్థించండి.