పైకప్పు ఉన్నికి వాస్తు

తూంకుంటలో మా కాలనీ ఇళ్లన్నిటికీ ఏటవాలు కప్పులే. మంచు కురిసే దేశాల బొమ్మలు చూసి బిల్డరు మోజుపడ్డాడు, అంతకంటే మోజుపడి మేం కొన్నాం. పెంకుల్లా కనబడే ఆ రేకుల కింద వేసవిలో పై అంతస్తు పెనంలా కాలుతుంది. కింద ఉన్నవి హాలు, వంటగది మాత్రమే. కూతురు పురిటికి వస్తోంది కాబట్టి ఫాల్స్ సీలింగ్ పైన వేడి దిగకుండా గాజు ఉన్ని పరిపించమని మా ఆయన వెంటపడ్డాను.

ఆయన ఇంజనీరు. ఉద్యోగమంతా జీడిమెట్లలో బాయిలర్ల పక్కనే వెలగబెట్టారు. అయినా గండిమైసమ్మ నుంచి వాస్తు పెద్దమనిషిని పిలిపించారు. ఆ మహానుభావుడు కిందనుంచే తలెత్తి చూసి, "నైరుతి బరువుండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి" అని సెలవిచ్చాడు. అంతే, నైరుతిలోని మా పడకగది పైన ఉన్ని రెండు వరుసలు పడింది. ఈశాన్యం గది పైన ఒక్క పోగు పడలేదు. కూతురికి సర్దిపెట్టింది ఆ గదే.

"ఆ గది ఎందుకు వదిలేశావయ్యా?" అని మేస్త్రీని అడిగాను.

"సార్ ఎట్ల జెప్తే గట్ల జేసిన అమ్మా. నాకేంది?" అన్నాడు.

మా ఆయన్ని అడిగితే, "పుట్టబోయే బిడ్డ ఆయుష్షు విషయం, నీకు తెలీదు" అన్నారు. మిగిలిపోయిన ఉన్ని చుట్ట ఎత్తి చూశాను. తలగడంత బరువు కూడా లేదు. దీనికా ఆయుష్షు లెక్కలు! నాకు ఒళ్లు మండిపోయింది.

ఆస్పత్రి నుంచి పసివాడు ఆ గదికే వచ్చాడు. మెడ నిండా చెమటకాయలు. పాలు తాగకుండా గుక్కపట్టి ఏడ్చేవాడు. "మన గదిలో పడుకోబెడదాం" అన్నాను. నైరుతిలో ఇంటి యజమానే పడుకోవాలట. ఆ మాట అన్నప్పుడు యజమానిగారు మిట్టమధ్యాహ్నపు ఎండవేళ హాయిగా దుప్పటి కప్పుకుని ఉన్నారు.

కూతురు అంతా విన్నది. మొగుడికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే అల్లుడు కారు తెచ్చాడు.

"మళ్లీ ఎప్పుడు తెస్తావమ్మా వీణ్ణి?" అన్నారు ఆయన, గేటు పట్టుకుని.

"వీడు నడక నేర్చాక చూద్దాం నాన్నా."

ఆయన ముఖం వాడిపోయింది. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. మనవడికి లాలపోసే భాగ్యం నాకు వారంతో సరిపోయింది.