తలుపు మీది ఫొటోలు

"...గొంతు గుర్తువట్టినవు, పేరు గూడ చెప్పినవు, ఇంక తలుపు తియ్యనీకి నీకేం రోగమే?"

"గొంతు నీదే. గుండు నీది కాదు."

తలుపుకు అవతల మహేందర్ మళ్లీ తలుపు కొట్టాడు. ఇవతల యాదలక్ష్మి మునివేళ్ల మీద లేచి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఇంకోసారి చూసింది. ప్రసాదం సంచి పట్టుకుని నిలబడ్డ మనిషికి జుట్టు లేదు, మీసం లేదు. తలుపు లోపలి వైపు అతికించిన ఫొటోలో అన్నకు రెండూ ఉన్నాయి.

"గుట్టకు పోయి మొక్కు తీర్చుకొని ఒస్తున్ననే లచ్చిమీ. కాళ్లు గుంజుతున్నయి, జర తియ్యి."

"ఎవరే ఆ గుండాయన?" వంటింట్లోంచి అండాలమ్మ అడిగింది.

"మా అన్నసుంటోడు," అంది యాదలక్ష్మి.

కొత్తపేట రైతుబజారు వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో యాదలక్ష్మి, అండాలమ్మ కలిసి ఉంటున్నారు. యాదలక్ష్మికి ముప్పై దాటి చాలా రోజులైంది. ఈమెకు వయసుతో పాటు బుద్ధి ఎదగదని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పడంతో తల్లి పెంటమ్మ ఆమెను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ తానే చేసేది. తనకు జబ్బు ముదిరాక మాత్రం, ఇలాంటివాళ్లు కొద్దిపాటి తోడుతో సొంతంగా బతికే ఇళ్లు నడుపుతున్న ఒక సంస్థ గురించి ఎక్కడో విని, కూతుర్ని తానే తెచ్చి ఇక్కడ చేర్చింది. ఆ ఏడాదే పోయింది. అండాలమ్మనూ ఆ సంస్థే ఈ ఇంట్లో ఉంచింది.

సంస్థ తరఫున వచ్చే సింధూరది కాకినాడ. మొదట్లో స్టవ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. యాదలక్ష్మికి అన్నం వండడం వచ్చాక కుర్చీని హాల్లోకి జరిపింది. తర్వాత సాయంత్రాలు మాత్రమే వచ్చేది. ఇప్పుడు పిలిస్తేనే వస్తుంది. యాదలక్ష్మి ఒక్కతే మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణానికి వెళ్తుంది. కొనేవాళ్లు విప్పి పడేసిన చీరల్ని అంచు మీద అంచు వచ్చేట్టు మడతపెట్టడం ఆమె పని. ఫొటోల్లో ఉన్నవాళ్లకే తలుపు తియ్యాలని, అనుమానం వస్తే ఫోన్ చెయ్యాలని నేర్పింది కూడా సింధూరే.

ఫోన్ చేసింది.

"ఉండక్కా, మీ అన్నయ్యకు చేసి కనుక్కుంటాను," అంది సింధూర. తలుపు అవతల ఫోన్ మోగింది. మహేందర్ ఏదో కసురుకున్నాడు. కాసేపటికి సింధూర మళ్లీ చేసింది. "ఆయనేనక్కా, గుండు చేయించుకున్నారట. తియ్యడం, తియ్యకపోవడం నీ ఇష్టం."

యాదలక్ష్మి తలుపు తీసింది.

మహేందర్ కుర్చీలో కూలబడి చెంబెడు నీళ్లు తాగాడు. అండాలమ్మ అతని తల చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తోడవుట్టినోన్ని గుర్తువట్టవు. ఎట్ల బతుకుతవే?"

"గుర్తువట్టిన. ముందుగాలనే పట్టిన."

"మరి ఎందుకు తియ్యలే?"

"ఫొటోల గిట్ల లేవు కద."

అతను అరచేత్తో గుండు తడుముకున్నాడు. గుట్ట మీద మేనత్త నలుగురిలో నిలదీసింది, చెల్లెను ఎక్కడ పడేసినవురా అని. అక్కణ్నుంచి ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడు.

"బట్టలు సదురుకో. ఎల్బీ నగర్ పోదాం. ఇంకెప్పటికి అక్కడనే. మీ వదిన నీకోసం అర్ర ఖాళీ చేసింది, కొత్త మంచం గూడ ఏయించింది."

యాదలక్ష్మికి వదినంటే ఇష్టం. వదిన వండే తలకాయ కూరంటే ఇంకా ఇష్టం. కానీ ఆ ఇంట్లో కత్తిపీట ముట్టుకుంటే చేతిలోంచి లాక్కుంటారు. నువ్వు కూసో లక్ష్మీ, అంటారు. టీవీ ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తుంది. అయినా అన్న మాటకు ఆమె ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగదు. లోపలికి వెళ్లి సంచి తీసి రెండు డ్రెస్సులు పెట్టింది.

అండాలమ్మ గుమ్మంలో నిలబడింది. "పోతున్నవా? కూరగాయలంటే నేను కోస్త. ఎసట్ల ఎన్ని బియ్యం పొయ్యాల్నో నాకు తెల్వదు."

యాదలక్ష్మి మంచం మీద కూర్చుంది. బయట రైతుబజారు మైకులో ఎవరో టమాటా ధర చదువుతున్నారు.

"అయిందా?" అని అన్న హాల్లోంచి కేకేశాడు.

ఆమె వట్టి చేతులతో వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"సంచేదే?"

"లోపలున్నది."

"జల్ది తే. ఊళ్లె అందరు నన్నే అంటున్రు. అర్ర సదిరి పెట్టి కూసున్నది మీ వదిన, ఆమెకు ఏమని చెప్పాలె నేను?"

యాదలక్ష్మి అతని ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను ఈడనే ఉంట అన్నా. వదినకు నేనే చెప్త."