నీలం గౌను వయసు

వెరోనా హుడాక్ ముప్పై ఒక్క ఏళ్లు గౌన్లకు జిప్పులు కుట్టింది. బొగ్గు గనులు మూతపడి మగవాళ్లు ఇంటిపట్టున కూర్చున్నాక ఆ పెన్సిల్వేనియా ఊరిని నిలబెట్టింది గౌన్ల ఫ్యాక్టరీయే. అక్కడ కాలర్ వేసేవాళ్లది కాలరే, జిప్పు వేసేవాళ్లది జిప్పే. అదీ పోయాక వెరోనా, అంచులు కుట్టిన ఫిలొమినా, బుధవారాలు చర్చి కింది గదిలో పాత బట్టలు వేరుచేసేవారు. ఏ గౌను ఏనాటిదో వెరోనా జిప్పు చూసి చెప్పేసేది.

ఆ మార్చిలో ఒక బుధవారం ఆమె ఇంటినుంచే ఒక గౌను తెచ్చింది. తనను పెంచిన పిన్ని స్టెఫానియా పోయి మూడు వారాలు. పెట్టె అడుగున నీలం గౌను, దానికి గుండుసూదితో చీటీ: ‘మీ అమ్మది.’ అమ్మ పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో పోయింది. అప్పటికి వెరోనాకు నాలుగేళ్లు. ముఖం గుర్తులేదు, ఫొటో లేదు.

“నైలాన్ జిప్పే ఇది. అరవైల ముందు ఇలాంటిది నా మిషను మీదికి రాలేదు,” అంది వెరోనా. “పోతూ పోతూ పిన్ని నాకు అబద్ధం చెప్పింది.”

“నీకు లోకమంతా జిప్పే! మా ఆయనకు పెట్టుడు పళ్లున్నాయి. పళ్లు కొత్తవని మనిషి మొన్ననే పుట్టాడంటావా?”

“నీకైతే మనిషిని చూసినా కాళ్లే కనిపిస్తాయి.”

“అంచులు కుట్టినదాన్ని, కాళ్లు కాక ఇంకేం కనిపిస్తాయే? ఇటివ్వు.” ఫిలొమినా అంచు తిరగేసింది. “చేతికుట్టు. మన ఫ్యాక్టరీకంటే పాతది. ఆ జిప్పు కుట్లు విప్పు.”

గౌను ఎడమ పక్కన, చంక కిందినుంచి ఉన్న జిప్పు కుట్లు వెరోనా నాలుగంగుళాలు విప్పింది. జిప్పు పట్టీ కింద ఎండ సోకని గుడ్డ, చీకటి పడే ముందు ఆకాశంలా ముదురు నీలం. దాని మీద వరసగా కందిగింజలంత తుప్పు మచ్చలు.

“టిచ్ బటన్లు,” అంది ఫిలొమినా మెల్లగా. “మా అమ్మ గౌన్లకూ అవే.”

వెరోనా ఒక్కో మచ్చ మీద వేలు పెట్టింది. ఎడమ చెయ్యి పైకెత్తి ఎవరో నిలబడి ఉన్నారు. టిక్, టిక్ మంటూ బటన్లు పడుతున్నాయి. మోకాలి ఎత్తునుంచి ఒక పిల్ల వింటోంది. అది జ్ఞాపకమో కాదో ఆమె తేల్చుకోలేదు.

“పక్కకుట్లు వదులు చేశారు చూడు,” అంది ఫిలొమినా. “మీ పిన్ని ఒళ్లు కొలతే.”

“ఆవిడ ఇది వేసుకోగా నేనెప్పుడూ చూడలేదే.”

అన్నాక వెరోనాకు గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు పిన్ని గది తలుపు గడియ పడేది. గంటసేపు అలికిడి ఉండేది కాదు. జపం చేసుకుంటోందనుకునేది వెరోనా.

“మొత్తం విప్పేసి టిచ్ బటన్లు పెడదామా?” అంది ఫిలొమినా.

“వద్దు. జిప్పు పిన్నిది.”

వెరోనా సూదిలో నీలం దారం ఎక్కించి, విప్పిన నాలుగంగుళాలూ పాత రంధ్రాల్లోంచే కుట్టుకుంటూ వచ్చింది.