నా రొమ్ము మీద నల్లగీత

నా ఎడమ రొమ్ములో గడ్డ లేచిన ఏడాది నాకు ఇరవై రెండేళ్ళు. కోరుకొండ మీద నాన్నగారు అర్చకులు, నేను ఆయనకు సాయం. మగవాడికి అక్కడ రోగం రావడం వంశానికే చిన్నతనమని, ఆ మాట గడప దాటరాదని ఆయన శాసించారు. గడ్డకు ఆ శాసనం వినబడినట్టు లేదు. మూడు నెలల్లో రేగుపండంతది ఉసిరికాయంత అయింది. నేనొక్కణ్ణే కొడుకును. ఇంకొన్నాళ్ళు పరువు కాపాడుకుంటూ కూర్చుంటే, కాపాడడానికి వంశం మిగిలేది కాదు.

చెప్పకుండా బండెక్కి రాజమహేంద్రవరం ఆసుపత్రికి వెళ్ళాను. కాంపౌండరు తలెత్తకుండానే, "రొమ్ము అంటే ఆడవాళ్ళ ఆసుపత్రికి వెళ్ళాలండి" అన్నాడు. వెళ్ళాను. అక్కడి ఆయా చీపురు అడ్డంపెట్టింది. తిరిగి వచ్చి కాంపౌండరు బల్ల ముందే కూర్చున్నాను.

"రొమ్ముంది గనక ఇక్కడ కుదరదన్నారు, పిలకుంది గనక అక్కడ కుదరదన్నారు. ఏది కోయించుకోమంటారో మీరే చెప్పండి. అందాకా కదలను."

లోపలి నుంచి డాక్టరుగారు నవ్వి పిలిచారు. గడ్డ నొక్కి, చంకలు తడిమి చూశారు.

"మద్రాసులో ఒంటి లోపల ఉన్నది ఫోటో తీసే యంత్రం వచ్చిందటగా అండి?"

"దానికి ఎముకలే బాగా కనబడతాయయ్యా. నీ బొమ్మ ఇక్కడే గీద్దాం" అంటూ పుల్లను చర్మానికి అంటితే నల్లబడే మందులో ముంచి, గడ్డ అంచు చుట్టూ గీత గీశారు. "పదిహేను రోజులకు రా. గడ్డ గీత దాటితే కోసెయ్యాలి. ఆలస్యమైతే కోసినా లాభం లేదు. గీత మాత్రం చెరపకు."

ఇంటికి రాగానే గీత చూసి, "అది చెరిగేదాకా కొండెక్కకు" అన్నారు నాన్నగారు. స్వామి ముందు పైపంచె నడుముకు చుట్టాలి మరి, రొమ్ము దాచడం కుదరదు. ఆ నియమం నాకు నేర్పింది ఆయనే. మర్నాడు ఆయన కంటే ముందు కొండెక్కాను. వచ్చినవాళ్ళు స్వామిని సగం, నన్ను సగం చూశారు.

"ఏంటండీ అది, మొక్కుబడా?" అన్నాడొక భక్తుడు.

"కాదండి, గడ్డకి పొలిమేర. అది దాటితే నా పని అయినట్టే."

అతను నవ్వలేదు. పక్కన నాన్నగారు పోస్తున్న తీర్థం అతని దోసిట్లో కాక నేల మీద పడింది. ఇన్నాళ్ళూ ఆయనది సిగ్గనుకున్నాను, అది భయం.

పదిహేనో రోజున నాన్నగారే బండి కట్టించారు. కింది వైపు గడ్డ గీతను బియ్యపుగింజంత దాటింది. ఎల్లుండి కోద్దామన్నారు డాక్టరుగారు. వరండాలో ఒక పెద్దాయన, "అబ్బాయికి ఏంటండి?" అని అడిగాడు. కడుపునొప్పి అని చెబుతారేమోనని నేను నోరు తెరవబోయాను. అంతలోనే నాన్నగారు మంత్రపుష్పం చదివే గొంతుతో అన్నారు:

"రొమ్ములో గడ్డండి. మావాడికే. ఎల్లుండి తీయిస్తున్నాం."

వరండా అంతా ఇటు తిరిగింది. ఆయన చూపు దించలేదు.