తడ కట్టె, కంక బద్ద, నా దస్కతు

డ్రిల్లు చెప్పే పంతులుకు విల్లు ఎందుకని మా హెడ్మాస్టరు అడిగాడు. ఆటకు అన్నాను. ఏం ఆట అన్నాడు. విలువిద్య పోటీలు సార్, జగిత్యాలలో చలికాలం ఎంపికలున్నాయి అన్నాను. ఆయన నా వైపు చూసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "గా ముచ్చట నువ్వు చెప్పలేదు, నేను ఇనలేదు" అన్నాడు. ఎనభైలలో కోరుట్ల పక్కన మా ఊరు ఎలా ఉండేదో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. అన్నలు వచ్చి పోయేవారు. వాళ్ళు పోయాక పోలీసులు వచ్చేవారు. ఎవరు వచ్చినా ముందు ఎండిపోయేది మా నోళ్ళే.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. కాలేజీ రోజుల్లో ఎవరిదో విల్లు అడుక్కుని పోటీకి దిగి రెండో స్థానం తెచ్చుకున్నాను. మొదటివాడికి సొంత విల్లు ఉండేది. ఆ మంట నాకు అన్నం తింటున్నా గుర్తొచ్చేది. మరుసటి ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఈ ఒక్కసారి సొంత విల్లుతో నిలబడాలి, అంతే. అది తప్ప ఇంకేమీ కనబడనంత మొండితనం నాది.

కొన్న విల్లు నా జీతానికి అందేది కాదు. చేయించుకోవాలనుకున్నాను. విల్లు వంచితే మన వైపు భాగం నలుగుతుంది, అవతలి వైపు సాగుతుంది. నలిగే వైపు కట్టె, సాగే వైపు వీపుకు అతికిన వెదురు బద్ద ఉంటే విల్లు విరగదు. ఇదంతా నాకు పుస్తకంలో చదివినట్టు తెలుసు. చేతులు మాత్రం వేరేవాళ్ళవి కావాలి. మా ఊరి వడ్రంగి దగ్గరికి పోయాను, మా వైపు వడ్లాయన అంటాం. యాభై దాటిన మనిషి, ఎడ్లబండ్లు చేయడంలో ఆయన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. నేను కాకా అని పిలిచేవాణ్ని.

ఆయన అంతా విని, "చేస్త సారూ" అన్నాడు. "కని ముందుగాల ఒక కాయితం రాసియ్యుండ్రి. గిది ఆట కోసం, గీ సారు చేపిచ్చుకుంటుండు అని. కింద మీ దస్కతు పెట్టుండ్రి. కాయితం లేంది నేను బాడిసె ముట్ట."

దస్కతు అంటే సంతకం. అది మా వైపు వడ్లవాళ్ళూ కమ్మరివాళ్ళూ ఆ రోజుల్లో పెట్టుకున్న కట్టుబాటు. పక్క ఊరి కమ్మరిని గొడ్డళ్ళు ఎవరికి చేశావని పోలీసులు పట్టుకుపోయాక, గొడ్డలికి కామ వేయాలన్నా, కొడవలికి కక్కు పెట్టాలన్నా చీటీ అడిగేవారు. మా వడ్లాయనకు చదువు రాదు. ఆ చీటీలన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టుకుని, ఏది ఎవరిదో కాగితం రంగును బట్టి గుర్తుపెట్టుకునేవాడు.

"ఇస్త కాకా, గదేం పెద్ద పనా" అన్నాను.

కాగితం వచ్చేలోపు కట్టె చూపించడానికి ఆయనకు అభ్యంతరం లేకపోయింది. అటక మీంచి తడ కట్టె ఒకటి దించాడు. తడ అంటే వంగుతుంది గానీ తొందరగా విరగదు, అందుకే బండి నొగలకు వాడతారు. రెండు వానాకాలాలు నీడన ఆరిన కట్టె. ఒక కొన చెవికి ఆనించుకుని రెండో కొన మీద నన్ను వేలితో కొట్టమన్నాడు. నాకు టక్కుమని వినబడింది. ఆయనకు ఇంకేమేం వినబడ్డాయో గానీ, తల ఊపి పక్కన పెట్టాడు.

"రంపంతోని కోద్దామా?" అన్నాను.

"రంపం పెడితె నార తెగుతది సారూ. చీలిస్తె అది ఎటు పోవాల్నో గటే పోతది."

నేను జగిత్యాలలో కొన్న, చిత్రిక పట్టే కొత్త రందా ఒకటి గొప్పగా సంచిలోంచి తీశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా నా చేతిలోనే పెట్టాడు. "గిది తొందర తొందర తింటది. ఎంత తిన్నదో సూసుకునే వరకు అయిపోతది. మనకు బాడిసె, ఆకురాయి, పలిగిన సీస పెంక ఉంటె సాలు" అన్నాడు. నాకు చిన్నతనమనిపించింది. అప్పట్లో నాకు అన్నిటికీ కోపం వచ్చేది. జీతం తీసుకునే పంతులు మాట బండ్లు చేసుకునే మనిషి కొట్టిపారేయడమేమిటని ఉడుక్కున్నాను. ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి రెండు రోజులు పట్టలేదు. ఆ రందాతో ఇంట్లో పాత పీట ఒకటి చెక్కి పాడుచేశాను.

వెదురును మేం కంక అంటాం. దానికోసం కోరుట్లలో గంపలల్లే మేదరి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆకుపచ్చగా నిగనిగలాడే బొంగు ఒకటి ఏరుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"గది లేతది సారూ. సూడ మంచిగనే ఉంటది, పెండ్లిసూపులకచ్చిన పిలగాని లెక్క. నాలుగు రోజులు వోతె వంకర తేల్తది."

ఆమె తీసిచ్చింది బూడిద రంగు మచ్చలున్న ముసలి బొంగు. అమాస ముందర నరికింది, పురుగు ముట్టదు అంది. కత్తితో కొన దగ్గర చిన్న గాటు పెట్టి, మోకాలు ఆనించి చేత్తోనే నిలువునా చీల్చింది. ఆ మచ్చలు పోవాలని నేను బద్ద మీద చాకు పెట్టి గీకబోతే నా చెయ్యి పక్కకు కొట్టింది. "తోలు గీకుతవా? దాని బలమంత గా తోలులనే ఉంటది" అని కసిరింది. అప్పటిదాకా సారూ అన్న మనిషి నువ్వులోకి దిగింది. తప్పు నాదే, ఊరుకున్నాను.

అల్లెతాడుకు దారం సిరిసిల్ల నుంచి. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. మా అక్కవాళ్ళింట్లో నాలుగు సాంచెలుండేవి, వాటి చప్పుడులో ఏం మాట్లాడినా అరిచే మాట్లాడాలి. దారం దేనికి తమ్మీ అని అక్క అరిచి అడిగింది. ఇస్కూల్ల వాలీబాల్ నెట్టుకు అని నేనూ అరిచాను. సొంత అక్కకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముందో ఇప్పటికీ తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. బావ పేక దారం పక్కన పెట్టి, పడుగు దారం ఉండ ఒకటి చేతిలో పెట్టాడు. మగ్గం మీద బిగించి లాగేది అదే కాబట్టి తొందరగా తెగదన్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో బస్సు ఆపి పోలీసులు సంచులు చూశారు. నా ముందు సీట్లో ఉన్న పిలగాణ్ని, సంచిలో ఏవో కరపత్రాలున్నాయని దింపేశారు. అతను దిగేటప్పుడు ఒక చెప్పు బస్సులోనే ఉండిపోయింది. బస్సు కదిలింది. నా ఒళ్ళో ఉన్నది దారం ఉండ. దాని మీదే నా చెమట చుక్కలు పడ్డాయి.

ఇంటికొచ్చి కాగితం రాయడానికి కూర్చున్నాను. "విల్లు" అని రాశాను. ఆ మాట పక్కన నా పేరు, నా దస్కతు చూసుకున్నాను. చింపి పొయ్యిలో వేశాను. రెండోసారి "ఆట సామాను" అని రాశాను. ఏం సామాను అని అడిగితే? అదీ పొయ్యిలోకే పోయింది. మూడోసారి "పాఠశాల బెంచీల మరమ్మతు కొరకు కట్టె ఇచ్చితిని" అని రాసి, కింద ఇంత పెద్ద దస్కతు పెట్టాను. కట్టె కోసం, కంక కోసం, దారం కోసం మూడు ఊళ్ళు తిరిగి, గోరుతో గిల్లి, చెవితో విని ఎంచుకున్నవాణ్ని. వడ్లాయనకు అవసరమైన ఒక్క మాట ఎంచుకోవాల్సి వచ్చేసరికి ఇదీ నేను చేసింది.

అంతటితో అయినా బాగుండేది. "ఒక్కసారి సదివి ఇనిపియ్యుండ్రి సారూ" అన్నాడు వడ్లాయన. నేను చదివాను. కాగితంలో లేని విల్లును, కాగితంలో లేని పోటీలను, ఎక్కడా తడబడకుండా చదివాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని డబ్బాలో పెట్టాడు. అప్పుడు బాడిసె చేతికి తీసుకున్నాడు.

ఇరవై రోజులు పట్టింది. జగిత్యాల నుంచి తెచ్చిన సరేసు జిగురును నానబెట్టి, నీళ్ళ గిన్నెలో పెట్టి కాచి, వేడి మీదే కట్టెకూ కంకకూ పూశాడు. రెంటినీ కలిపి పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కొన నుంచి కొన దాకా ఊపిరాడకుండా చుట్టాడు. వారం ఆరాక విప్పితే అతుకు ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది. తర్వాత గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, కొయ్యకు విల్లు తగిలించి, తాడు కిందికి లాగుతూ రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయో లేదో చూసేవాడు. ఎక్కడ బిరుసుగా ఉంటే అక్కడ కట్టె వైపు సీసా పెంకుతో గీకేవాడు. ఒక సాయంత్రం నా చేతికిచ్చాడు. లాగాను. ఏం చెప్పను, నా ఒంట్లోని బలమే తిరిగి నా చేతికొచ్చింది. జగిత్యాలలో మొదటి స్థానం నాదేనని ఆ నిమిషమే ఖాయం చేసుకున్నాను.

"ఇంకొక్క రోజు ఉండనియ్యుండ్రి సారూ. కింది రెక్క జర గట్టిగున్నది" అన్నాడు.

ఆ మర్నాడే పోలీసులు ఊళ్ళోకొచ్చారు. ఎవరి కోసం వచ్చారో తెలియదు గానీ, కొయ్యకు వేలాడుతున్న విల్లు కనబడింది, గోడ మీద గీతలు కనబడ్డాయి. వడ్లాయన భయపడలేదట. లోపలికి పోయి డబ్బా తెచ్చి, నా కాగితం తీసి, రెండు చేతులతో ఇచ్చాడట. ఎస్సై చదివి నవ్వాడట. ఇది ఆయన భార్య నాకు తర్వాత చెప్పింది.

జీపు బడి ముందు ఆగింది. ఎస్సై ఒక్కడే వరండాలోకి వచ్చాడు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"ఈ సంతకం మీదేనా మాస్టారూ?"

"నాదే సార్."

"బెంచీలకేనా?"

జీపు వెనక వడ్లాయన కూర్చుని ఉన్నాడు. అంత దూరానికి మా మాటలు వినబడవు. నన్ను చూడగానే ఆయన ముఖం తేటపడింది. పక్కనున్న కానిస్టేబులుకు నన్ను వేలితో చూపించి ఏదో చెప్పాడు. కానిస్టేబులు బూట్ల కింద నా విల్లుంది. చెప్పుకోవడానికే సిగ్గు, అప్పుడు కూడా నా కళ్ళు అతుకు దగ్గర సందేమైనా వచ్చిందా అని చూశాయి.

"బెంచీలకే సార్" అన్నాను.

"మరి ఆ విల్లు ఎవరిది?"

"నాకు తెలియదు సార్."

ఎవరూ నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. హెడ్మాస్టరు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎస్సై కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. జీపు తిరుగుతుంటే వడ్లాయన నా వైపు చూసి తలూపాడు.

ఎంపికలు ఆ వారంలోనే జరిగాయి. నేను జగిత్యాల పోలేదు. మనసు ఒప్పక మానేశానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ, భయపడి మానేశాను.

పదకొండు రోజులకు ఆయన్ను విడిచిపెట్టారు. ఇంకో ఇరవై రోజులు నేను ఆ వాడకట్టు వైపే పోలేదు. పోయిన రోజు ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. కుడి చేతి వేళ్ళు అరచేతిలోకి వంగి అలాగే ఉండిపోయాయి. నన్ను చూసి లేవబోయాడు, వద్దంటే కూర్చున్నాడు.

"కోపం అచ్చిందా సారూ? విల్లు గాళ్ళు గుంజుకపోయిండ్రు. నేను ఆపలేకపోయిన" అన్నాడు.

నేను పక్కనున్న అరుగు మీద కూర్చున్నాను.

"ఒక్కటైతె అర్తం గాలే. మీ కాయితం సూసి అందరు నవ్వుడు వెట్టిండ్రు. దస్కతు ఉన్నంక గూడ ఎందుకు నవ్విండ్రో."

ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "నీళ్ళు తాగుండ్రి సారూ" అని, కొంగుతో కళ్ళొత్తుకుంది. "గా దినం మీరు పోలీసోళ్ళకు చెప్పకపోతె ఈన్ని సంపేటోళ్ళేనట. మీ మాట మీదనే ఇడిసిపెట్టిండ్రట. ఈనె గదే చెప్తుండు. మీ పేరు మీద దినాం దీపం పెడుతున్న" అంది.

వడ్లాయన దండం పెట్టబోయాడు. కుడి చెయ్యి తెరుచుకోలేదు. ఎడమ చేతిని ఆ పిడికిలికి ఆనించి, తల వంచాడు.

అప్పుడైనా చెప్పవలసింది. నేను చెంబెత్తి నీళ్ళు తాగాను. "అయ్యో, గంత మాటెందుకు కాకా" అన్నాను.